గ్రీన్ కాలనీ చూసి కంగారు పడకండి: రొయ్యల చెరువులో ఏ విబ్రియో ఉందో జన్యు పరీక్షతో తేల్చుకోవడం ఎలా

పొద్దున ఆరు దాటకముందే ఫోన్ మోగిందంటే విషయం నాకు తెలిసిపోతుంది. విడవలూరు వైపు నుంచో ఇందుకూరుపేట నుంచో ఒక రైతు టీసీబీఎస్ ప్లేటు (విబ్రియో అనే బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేటు) ఫొటో పెట్టి, "గ్రీన్ వచ్చింది సార్, ఏం వేయాల?" అని అడుగుతారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంటుంది. లక్షలు పెట్టి, రాత్రంతా ఏరియేటర్ల దగ్గర కాపలా కాసిన మనిషికి "ఇంకా ఏమీ వేయొద్దు" అని చెప్పడం కష్టం. అయినా అదే చెబుతాను. ఆ గ్రీన్ ఏ విబ్రియోనో, దాని దగ్గర విషం తయారుచేసే జన్యువు ఉందో లేదో తేలేదాకా చెరువులో వేసిందంతా దండగే.

అది ఎలా తేల్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. నెల్లూరు, ప్రకాశం తీరంలో చిన్న ఆక్వా ల్యాబు నడిపేవాళ్లను, అందులో కొత్తగా చేరిన పిల్లలను మనసులో పెట్టుకుని రాస్తున్నది. రైతులైతే శాంపిల్ తీసే భాగం, ఫలితం చదివే భాగం చూసినా చాలు. ల్యాబుకు వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

రంగు చెప్పేది చాలా తక్కువ

టీసీబీఎస్ అగార్‌లో సుక్రోజ్, అంటే మామూలు చక్కెర ఉంటుంది. దాన్ని వాడుకోగల విబ్రియో ఆమ్లం వదులుతుంది, కాలనీ (బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన చుక్క) పసుపు రంగుకు తిరుగుతుంది. వాడుకోలేనిది ఆకుపచ్చగా ఉండిపోతుంది. రంగు వెనక ఉన్న కథ ఇంతే. ఆల్జినోలైటికస్ పసుపు, పారాహీమోలైటికస్ పచ్చ, వల్నిఫికస్ ఎక్కువగా పచ్చ. హార్వేయి రెండు రకాలుగానూ కనబడుతుంది. "ఎల్లో మంచిది, గ్రీన్ చెడ్డది" అన్న మాట మన చెరువు గట్ల మీద బాగా పాతుకుపోయింది. దాన్ని నమ్మి పంట పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు, అవసరం లేని మందులు పోసి అప్పులపాలైనవాళ్లూ ఉన్నారు.

పారాహీమోలైటికస్‌నే తీసుకోండి. ఉప్పుటేరుల్లో, బకింగ్‌హాం కాలువ నీళ్లలో, సముద్రపు మొగల దగ్గర ఈ రకం విబ్రియోలు ఎప్పుడూ ఉండేవే. వాటిలో చాలా స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని వేర్వేరు రకాలు) రొయ్యను ఏమీ చేయవు. కానీ 2009లో చైనాలో బయటపడి, వియత్నాం, మలేషియా, థాయిలాండ్ మీదుగా 2013 నాటికి మెక్సికో చేరిన ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) తెగులు, పిల్ల వదిలిన నెలా నెలన్నర లోపే చెరువులు ఖాళీ చేసింది. దానికి కారణం ఇదే జాతిలోని ప్రత్యేకమైన స్ట్రెయిన్ అని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. తర్వాత అసలు గుట్టు బయటపడింది. ఆ స్ట్రెయిన్ దగ్గర సుమారు 70 వేల బేస్ పెయిర్ల (డీఎన్ఏ పొడవును ఇలా కొలుస్తారు) ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియా అసలు జీనోమ్‌కు విడిగా ఉండే డీఎన్ఏ వలయం, ఒకటి ఉంది. దాని మీద పిర్‌ఏ, పిర్‌బీ అనే రెండు విష జన్యువులు ఉన్నాయి. ఆ జన్యువుల నుంచి తయారయ్యే రెండు ప్రొటీన్లు కలిసి, మన రైతులు లివర్ అనే హెపటోపాంక్రియాస్ గొట్టాల లోపలి కణాలను ఊడగొడతాయి. అందుకే ఈ జబ్బును ఇప్పుడు ఏహెచ్‌పీఎన్‌డీ, అంటే లివర్ కణాలు హఠాత్తుగా చచ్చిపోయే జబ్బు, అంటున్నాం.

ప్లాస్మిడ్ ఒకచోట ఉండిపోయేది కాదు. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకొక దానికి చేరగలదు. హార్వేయిలో, క్యాంబెల్లిలో, ఓవెన్సిలో కూడా ఇదే ప్లాస్మిడ్ దొరికింది. కాబట్టి జాతి పేరు తెలిసినా పని పూర్తి కాదు. మనిషి పేరు కాదు, వాడి చేతిలో కత్తి ఉందా లేదా చూడాలి. ఆ చూపు ప్లేటుకు లేదు, వెతికే డీఎన్ఏ ముక్కను కాపీలు చేసి చూపించే పీసీఆర్ పరీక్షకు ఉంది.

శాంపిల్: ఇక్కడ చెడితే ఇక బాగుపడదు

చచ్చి ఎర్రబడిన రొయ్యలను కవర్‌లో వేసుకుని రావద్దు. చచ్చిన ఒంటి మీద ఏ బ్యాక్టీరియా అయినా పెరుగుతుంది. బతికి ఉండి, నీరసంగా గట్టు పక్కకు వచ్చినవి పట్టండి. చెక్ ట్రేలో మేత ముట్టనివి, పేగు ఖాళీగా కనబడేవి, పెంకు మెత్తబడినవి చూడండి. ఏహెచ్‌పీఎన్‌డీ ఉన్న రొయ్యలో లివర్ పాలిపోయి కుంచించుకుపోతుంది. ఒక్కోసారి నల్లటి చారలు, చుక్కలు వస్తాయి. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే సులువుగా నలగదు. ఈ చివరి గుర్తు చెరువు దగ్గరే చూసుకోవచ్చు. పక్కనే ఆరోగ్యంగా ఉన్న చెరువు నుంచి కూడా నాలుగు రొయ్యలు తేవాలి. పోలిక లేకపోతే ఫలితానికి అర్థం ఉండదు.

బ్యాక్టీరియాను పెంచి చూడాలంటే రొయ్య బతికి రావాలి. చెరువు నీళ్లతో, ఆక్సిజన్ పట్టించిన కవర్‌లో తేవాలి. గడ్డకట్టిస్తే విబ్రియో చాలావరకు చచ్చిపోతుంది. కొత్తపట్నం నుంచో సింగరాయకొండ నుంచో బయల్దేరి నెల్లూరు చేరడానికి గంటలు పడుతుంది కనుక రెండో ఏర్పాటు కూడా చేసుకోండి. కొన్ని రొయ్యల లివర్, కడుపు, పేగు కోసి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. కండకు పది రెట్లు ఇథనాల్ ఉండాలి. దీని నుంచి బ్యాక్టీరియా పెరగదు గానీ డీఎన్ఏ భద్రంగా ఉంటుంది.

సీడ్ పరీక్ష వేరే లెక్క. అయిదారు పిల్లలు తెచ్చి "చూడండి సార్" అంటే నేనేం చూడను? లక్షల పిల్లల్లో నూటికి పది చొప్పున జబ్బు ఉంటే 30 పిల్లలు తీస్తే 95 శాతం నమ్మకంతో కనీసం ఒకటి చిక్కుతుంది. నూటికి అయిదు ఉంటే 60 కావాలి. నూటికి రెండే ఉంటే 150 కావాలి. హేచరీ సీడ్‌కు 150 అనే పెట్టుకోండి. ట్యాంకులో ఒకే మూల నుంచి కాకుండా నాలుగైదు చోట్ల నుంచి తీసి, అన్నీ ఒకే గుంపుగా కాకుండా కొన్ని గుంపులుగా నూరాలి. పిల్లల కళ్లు తీసేయాలి. కంటిలోని పదార్థం పీసీఆర్‌ను ఆపేస్తుంది. చిన్న పనే, కానీ చాలామంది ఇక్కడే విసుక్కుని వదిలేస్తారు. అప్పుడు వచ్చే నెగటివ్ ఉత్తుత్తి నెగటివ్.

నాలుగు గంటలు పెంచండి

జబ్బు ముదిరిన రొయ్యలో బ్యాక్టీరియా లెక్కలేనంత ఉంటుంది, నేరుగా డీఎన్ఏ తీయవచ్చు. సీడ్‌లో, తల్లి రొయ్యల మలంలో, నీళ్లలో అంత ఉండదు. అందుకని శాంపిల్‌ను శుభ్రమైన ఉప్పునీళ్లలో నూరి, 2 శాతం ఉప్పు కలిపిన ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో వేసి, 30 డిగ్రీల దగ్గర ఊపుతూ నాలుగు గంటలు ఉంచండి. తర్వాత పిప్పి అడుగుకు దిగనిచ్చి, పైనున్న బ్రాత్‌ను సెంట్రిఫ్యూజ్ చేస్తే అడుగున బ్యాక్టీరియా ముద్ద దొరుకుతుంది. డీఎన్ఏ దాన్నుంచి తీయాలి.

ఇదే బ్రాత్ నుంచి ఒక లూపు టీసీబీఎస్ మీద గీయండి. టీసీబీఎస్‌ను ఆటోక్లేవ్ చేయకూడదు, మరిగిస్తే చాలు. 28 నుంచి 30 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. ప్లేటు ఎందుకంటే, పీసీఆర్ పాజిటివ్ వస్తే ఆ స్ట్రెయిన్ మన చేతిలో బతికి ఉండాలి. లేకపోతే తర్వాత పోల్చి చూడడానికి ఏమీ మిగలదు. పచ్చవీ పసుపువీ రెండూ ఏరండి. ఒక్కో రకం నుంచి అయిదారు కాలనీలు తీసి, 2 శాతం ఉప్పున్న ట్రిప్టిక్ సోయ్ అగార్ మీద రెండుసార్లు తిరగగీసి శుద్ధి చేయండి.

డీఎన్ఏ

శుద్ధి చేసిన కాలనీ అయితే ఖరీదైన కిట్ అక్కర్లేదు. 100 మైక్రోలీటర్ల న్యూక్లియేజ్ లేని నీళ్లలో కాలనీ కలిపి, 95 డిగ్రీలకు పైన పది నిమిషాలు ఉడికించి, వెంటనే ఐస్‌లో పెట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకోండి. రొయ్య కండ నుంచి నేరుగా తీసేటప్పుడు మాత్రం కిట్ వాడండి. లివర్‌లో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలు చాలా ఉంటాయి.

గదులు వేరు చేయండి

ఈ ముక్క దగ్గర కొంచెం ఆగుతాను. ల్యాబు మొదలుపెట్టిన కొత్తలో నాకు ఒకటే గది ఉండేది. మాస్టర్ మిక్స్ (పీసీఆర్‌కు కావాల్సిన రసాయనాల మిశ్రమం) కలిపేది, డీఎన్ఏ వేసేది, పీసీఆర్ అయ్యాక ట్యూబు తెరిచి జెల్‌లో (డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే పలక) పోసేది అన్నీ ఒకే బల్ల మీద. ఒక రోజు నెగటివ్ కంట్రోల్‌లో సన్నటి బ్యాండు (డీఎన్ఏ ఉందని చెప్పే గీత) కనబడింది. నీళ్లు తప్ప ఏమీ వేయని ట్యూబు అది. "పర్లేదులే, సన్నగానే ఉంది" అనుకుని, ఒక రైతుకు పాజిటివ్ అని ఫోన్‌లో చెప్పేశాను. ఆయన సీడ్ వద్దని వెనక్కి పంపేశారు. మూడో రోజుకు అన్ని లేన్లలోనూ అదే బ్యాండు వచ్చింది. అది రొయ్యలది కాదు, మా బల్లది. మళ్లీ ఆయనకు ఫోన్ చేసి, నా రిపోర్టు తప్పని చెప్పాను. ఆ రోజు ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పీసీఆర్ ఒక డీఎన్ఏ ముక్కను కోట్ల కాపీలు చేస్తుంది. ట్యూబు మూత తెరిచినప్పుడు కంటికి కనబడని తుంపరలో ఆ కాపీలు వేలు, లక్షలు గాల్లోకి పోతాయి. రెండు దశల నెస్టెడ్ పీసీఆర్ అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మధ్యలో ట్యూబు తెరవక తప్పదు. కాబట్టి మిక్స్ కలిపే చోటు ఒకటి, డీఎన్ఏ వేసే చోటు ఒకటి, జెల్ పోసే చోటు ఒకటి. మూడింటికీ వేరు పిపెట్లు, వేరు కోట్లు. గదులు లేకపోతే కనీసం చెక్క పార్టిషన్ పెట్టి, ఫిల్టర్ టిప్పులు వాడండి. ఉదయం మిక్స్, మధ్యాహ్నం డీఎన్ఏ, సాయంత్రం జెల్. జెల్ గదిలోకి వెళ్లిన మనిషి ఆ రోజు మళ్లీ మిక్స్ గదికి రాకూడదు. బల్లలు పది శాతం బ్లీచ్ ద్రావణంతో తుడవాలి, స్పిరిట్ డీఎన్ఏను నాశనం చేయదు. నెగటివ్ కంట్రోల్‌లో ఎంత సన్న బ్యాండు వచ్చినా ఆ బ్యాచ్ మొత్తం పారేయాలి. దీనికి మినహాయింపు లేదు.

పీసీఆర్ నడపడం

ఏహెచ్‌పీఎన్‌డీకి మొదట వచ్చిన ఏపీ1, ఏపీ2 పరీక్షలు ప్లాస్మిడ్‌ను మాత్రమే వెతికేవి. ప్లాస్మిడ్ ఉండి విష జన్యువులు పోయిన స్ట్రెయిన్లూ ఉంటాయి కనుక ఉత్తుత్తి పాజిటివ్‌లు వచ్చాయి. ఏపీ3 నేరుగా పిర్‌ఏను వెతుకుతుంది. ఏపీ4 రెండు దశల్లో పిర్‌ఏ, పిర్‌బీ ప్రాంతాన్ని పట్టుకుంటుంది, చాలా తక్కువ బ్యాక్టీరియా ఉన్నా దొరుకుతుంది. సీడ్‌కు నా ఓటు ఏపీ4కే. శుద్ధి చేసిన కాలనీకైతే ఒకే దశ ఏపీ3 సరిపోతుంది, మధ్యలో ట్యూబు తెరిచే బాధ ఉండదు.

ఏపీ4 మొదటి దశ: 94 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు, తర్వాత 30 సైకిళ్లు. ఒక్కో సైకిల్‌లో 94 డిగ్రీలు 30 సెకన్లు, 55 డిగ్రీలు 30 సెకన్లు, 72 డిగ్రీలు 90 సెకన్లు. చివర 72 దగ్గర 2 నిమిషాలు. రెండో దశకు మొదటి ట్యూబు నుంచి 2 మైక్రోలీటర్లు తీసుకుని 25 సైకిళ్లు నడపండి. అందులో 94, 55, 72 డిగ్రీలు ఒక్కోటి 20 సెకన్లు.

ప్రతిసారీ నాలుగు ట్యూబులు అదనంగా ఉండాలి. పాజిటివ్ కంట్రోల్ ఒకటి. దీనికి బతికున్న జబ్బు స్ట్రెయిన్ పెంచకండి, ఆ జన్యువు ముక్క ఉన్న ప్లాస్మిడ్ డీఎన్ఏ కొని వాడండి. ఉత్త నీళ్ల ట్యూబు ఒకటి. డీఎన్ఏ తీసే దశ నుంచే శాంపిల్ లేకుండా నడిపించిన ట్యూబు ఒకటి. నాలుగోది, రొయ్య సొంత జన్యువును వెతికే పరీక్ష. అది కూడా రాకపోతే డీఎన్ఏ పాడైందనో, ఏదో పదార్థం అడ్డుపడిందనో అర్థం. అప్పుడు డీఎన్ఏను పదింతలు పలచన చేసి మళ్లీ నడపండి. "నెగటివ్" అని మాత్రం రాయకండి.

మన దగ్గర కరెంటు సంగతి వేరే చెప్పాలా. ఇరవయ్యో సైకిల్‌లో కరెంటు పోతే ఆ రన్ పోయినట్టే. పీసీఆర్ నడిపే యంత్రం సైక్లర్‌ను ఇన్వర్టర్‌కు కాదు, మంచి యూపీఎస్‌కు తగిలించండి. అంత వసతి లేని హేచరీలకు ల్యాంప్ పరీక్ష ఉంది. 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడిలో గంట ఉంచితే చాలు, వాటర్ బాత్‌తో పని జరుగుతుంది. పాజిటివ్ అయితే ట్యూబు మసకగా తెల్లబడుతుంది. కానీ అందులో పుట్టే డీఎన్ఏ పీసీఆర్ కంటే చాలా ఎక్కువ. ఆ ట్యూబు మూత ఎప్పటికీ తెరవకండి.

జెల్ చదవడం

1.5 నుంచి 2 శాతం అగరోజ్, పక్కన 100 బేస్ పెయిర్ల ల్యాడర్ (బ్యాండు పొడవు చూసుకునే డీఎన్ఏ కొలబద్ద). ఏపీ4లో మొదటి దశ బ్యాండు 1269 బేస్ పెయిర్ల దగ్గర, రెండో దశది 230 దగ్గర ఉంటుంది. బ్యాక్టీరియా చాలా ఎక్కువగా ఉన్న శాంపిల్‌లో 357 దగ్గర, 1142 దగ్గర అదనపు బ్యాండ్లు కూడా వస్తాయి. మొదటి దశ ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) మిగిలిపోయి రెండో దశ ప్రైమర్లతో జత కట్టడం వల్ల అవి పుడతాయి. వాటిని చూసి పరీక్ష చెడిందనుకోవద్దు, నిజానికి అది గట్టి పాజిటివ్.

పాజిటివ్ వచ్చిందనుకోండి. ఒక్క జెల్ చూసి ఊరంతా చాటకండి. తాజా డీఎన్ఏతో మళ్లీ చేయండి, రెండోసారీ వస్తే చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) లాంటి సంస్థకు నిర్ధారణకు పంపి, మత్స్యశాఖకు చెప్పండి. ఇది ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న జబ్బు, దాచిపెట్టేది కాదు. నిర్ధారణ వచ్చేదాకా ఆ చెరువు నీళ్లు కాలువలోకి వదలకూడదు. కింద చెరువులన్నీ ఆ నీళ్లే ఎక్కించుకుంటాయి. యాంటీబయాటిక్ జోలికి వెళ్లొద్దు. విషం అప్పటికే విడుదలై ఉంటుంది, మందు వల్ల లాభం లేదు, ఎగుమతిలో అవశేషాలు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది.

నెగటివ్ వచ్చి, రొయ్య మాత్రం చస్తూనే ఉంటే? విబ్రియోను వదిలి వేరే వైపు చూడండి. తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ రెండింటికీ వేరే పీసీఆర్‌లు ఉన్నాయి. ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు, మైక్రోస్పోరిడియన్ అనే సూక్ష్మజీవి. టీసీబీఎస్ మీద దాని జాడ కూడా కనబడదు. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత ఉందో కూడా అడగండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రాసెసింగ్ ప్లాంటు శాంపిళ్లకు లెక్క వేరు. అక్కడ భయం మనుషుల కడుపు గురించి. పారాహీమోలైటికస్ అని తేల్చడానికి టీఎల్‌హెచ్ జన్యువును (బ్యాండు 450 బేస్ పెయిర్ల దగ్గర), మనిషికి జబ్బు చేసే స్ట్రెయిన్ అని అనుమానించడానికి టీడీహెచ్ (270), టీఆర్‌హెచ్ (500) జన్యువులను ఒకే ట్యూబులో వెతుకుతారు. రొయ్యను చంపే స్ట్రెయిన్లలో సాధారణంగా ఈ చివరి రెండూ ఉండవు. రెండు రిపోర్టులను కలగాపులగం చేయకండి.

అది ఎక్కడి నుంచి వచ్చింది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. చెరువులో స్ట్రెయిన్, హేచరీ సీడ్‌లో స్ట్రెయిన్, కాలువ నీళ్లలో స్ట్రెయిన్ ఒకటేనా? దీనికి ఎరిక్ పీసీఆర్ చేయండి. బ్యాక్టీరియా జీనోమ్‌లో అక్కడక్కడా తిరిగి తిరిగి వచ్చే సుమారు 126 బేస్ పెయిర్ల వరుసలు ఉంటాయని, వాటి మధ్య దూరాలను బట్టి స్ట్రెయిన్లను గుర్తుపట్టవచ్చని 1991లో వెర్సాలోవిక్ బృందం చూపించింది. ఒకే జత ప్రైమర్లతో చేస్తే ఒక్కో స్ట్రెయిన్‌కు ఒక్కో బ్యాండ్ల వరుస వస్తుంది. వేలిముద్ర లాంటిదే. శుద్ధి చేసిన కాలనీతోనే చేయాలి, రొయ్య కండతో చేస్తే అంతా కలిసిపోతుంది.

మొదట ప్రచురించిన పద్ధతిలో అనీలింగ్ (ప్రైమర్ అతుక్కునే దశ) 52 డిగ్రీలు, ఎక్స్‌టెన్షన్ (కాపీ పొడవు పెరిగే దశ) 65 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు. 30 సైకిళ్లకు ఎక్స్‌టెన్షన్‌కే నాలుగు గంటలు పోతుంది. అయినా కాలనీ చేతికి వచ్చిన రోజే జవాబు దొరుకుతుంది. పోల్చాల్సిన స్ట్రెయిన్లన్నీ ఒకే రోజు, ఒకే మాస్టర్ మిక్స్‌తో, ఒకే మోతాదు డీఎన్ఏతో, ఒకే జెల్ మీద నడవాలి. నిన్నటి జెల్ ఫొటోతో ఇవాళ్టి జెల్‌ను పోల్చకండి. ప్రతి స్ట్రెయిన్‌ను రెండు ట్యూబుల్లో చేసి, రెండూ ఒకేలా వస్తేనే లెక్కలోకి తీసుకోండి. సన్నటి బ్యాండ్లను వదిలేసి, గట్టి బ్యాండ్లను చూడండి. వరుసలు వేరైతే స్ట్రెయిన్లు వేరని ధైర్యంగా చెప్పవచ్చు. ఒకేలా ఉంటే "ఒకటే కావచ్చు" అని మాత్రమే చెప్పాలి. హేచరీ మీద నింద వేసే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇంకా గట్టిగా తేల్చాలంటే ఎంఎల్ఎస్‌టీ ఉంది. పారాహీమోలైటికస్‌కు ఏడు జన్యువుల వరుసలు చదివి, ఒక్కో కలయికకు ఒక నంబరు ఇస్తారు. 1996లో కోల్‌కతాలో మొదలై ప్రపంచమంతా పాకిన, మనుషులకు విరేచనాలు తెచ్చిన స్ట్రెయిన్‌కు నంబరు 3. జెల్ ఫొటోలా కాకుండా ఈ నంబరు నెల్లూరులో చేసినా జపాన్‌లో చేసినా ఒకటే వస్తుంది. సీక్వెన్సింగ్ బయట చేయించాలి కనుక అన్నిటికీ కాదు, ఎరిక్‌లో ముఖ్యమని తేలిన రెండు మూడు స్ట్రెయిన్లకే పంపండి.

పని ముగించే ముందు

వాడిన ప్లేట్లు, బ్రాత్, రొయ్య ముక్కలు అన్నీ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి వెళ్లాలి. ల్యాబు వెనక కాలువలో పోస్తే మన చేత్తో మనమే జబ్బు పంచినట్టు.

పాజిటివ్ వచ్చిన ప్రతి స్ట్రెయిన్‌నూ 20 శాతం గ్లిసరాల్ కలిపిన బ్రాత్‌లో రెండు ట్యూబులుగా మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. మీ దగ్గర అంత చల్లటి ఫ్రీజర్ లేకపోతే ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ లాంటి చోట అడిగి చూడండి. ట్యూబు మీద తేదీ, ఊరు, చెరువుకు మీరిచ్చిన కోడ్, పిల్ల వదిలి ఎన్ని రోజులైంది, నీటి ఉప్పుదనం ఎంత, ఇవన్నీ చెరగని ఇంకుతో రాయండి. రైతు పేరు ట్యూబు మీద వద్దు, అది మీ రిజిస్టర్‌లోనే ఉండాలి. వచ్చే వేసవిలో పక్క ఊరి చెరువులో రొయ్య పోయినప్పుడు, పాత ట్యూబు తీసి కొత్తదాని పక్క లేన్‌లో నడుపుతారు.